చెన్నై వానల్లో డీఎంఏ స్లాట్ దొరికిందా? ముందు ఇవి చూసుకోండి

డీఎంఏకు (శాంపిల్‌ను వేడిచేస్తూ, ఊపుతూ దాని గట్టిదనం కొలిచే యంత్రం) నైలాన్ శాంపిళ్లు పట్టుకుని వెళ్తున్నవాళ్లకు:

– పరీక్ష ఆఖరి ఉష్ణోగ్రత రెండుసార్లు చూడండి. నైలాన్ 6 దాదాపు 220 డిగ్రీల దగ్గర కరుగుతుంది. శాంపిల్‌ను పట్టి ఉంచే క్లాంపుకు అతుక్కుందంటే మీ స్లాటే కాదు, మీ వెనకాలవాళ్లదీ పోయినట్టే.

– వాక్యూమ్ అవెన్‌లో ఆరబెట్టి, డెసికేటర్‌లోనే (తేమ చేరని మూత డబ్బా) తీసుకెళ్లండి. తడి పీల్చిన నైలాన్‌కు గ్లాస్ ట్రాన్సిషన్ (గట్టిగా ఉన్నది మెత్తబడే ఉష్ణోగ్రత) పదుల డిగ్రీలు కిందికి జారుతుంది. నేనోసారి మామూలు కవర్లో వేసుకుని లోకల్ ట్రైన్ ఎక్కా. టాన్ డెల్టా (గ్రాఫ్‌లో ఆ మార్పును చూపే గీత) శిఖరం చూసి ఇది నా శాంపిలేనా అనిపించింది. డెసికేటర్‌లో తేమ పీల్చే నీలం సిలికా జెల్ గులాబీ రంగుకు తిరిగితే అది ఉన్నా లేనట్టే.

– మందం మూడు చోట్ల కొలవండి. వంపు పరీక్షలో మందంలో 3 శాతం తప్పు మాడ్యులస్‌లో (గట్టిదనపు కొలత) సుమారు 9 శాతం అవుతుంది.

– ముందు స్ట్రెయిన్ స్వీప్ (స్ట్రెయిన్‌ను, అంటే సాగుదలను, కొద్దికొద్దిగా పెంచుతూ చూసే పరీక్ష) చేయండి. లీనియర్ హద్దు (ఒత్తిడి, సాగుదల ఒకే నిష్పత్తిలో పెరిగే పరిధి) దాటితే రిలాక్సేషన్ మాడ్యులస్ (సాగదీసి అలాగే పట్టి ఉంచితే కాలంతో తగ్గే గట్టిదనం) స్ట్రెయిన్‌ను బట్టి మారుతుంది.