హ్యాండ్ కంట్రోల్ ఉన్న పాత వ్యాన్ కొనేటప్పుడు

వీల్‌చైర్ ఎక్కే ర్యాంపు, కాళ్లకు బదులు చేతితో బ్రేకు, యాక్సిలరేటరు వాడే లీవరు రెండూ ఉన్న పాత వ్యాన్ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అమ్మకానికి రావడమే అరుదు కాబట్టి, కనబడగానే అడ్వాన్సు ఇచ్చేయాలనిపిస్తుంది. దానికంటే ముందు టేపు తీయండి. వీల్‌చైర్‌లో కూర్చున్నాక నేల నుంచి నడినెత్తి దాకా ఎంత ఎత్తుందో ఇంట్లోనే కొలిచి, వ్యాన్ వెనుక తలుపు ఎత్తుతో పోల్చుకోవాలి. వ్యాన్ ఫ్లోరు 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉండి ర్యాంపు 180 సెంటీమీటర్లే ఉంటే, ప్రతి మూడడుగులకు ఒక అడుగు ఎక్కాలి. మనిషి కూర్చున్న కుర్చీని అంత ఏటవాలు మీదకు ఒక్కరే నెట్టడం ప్రమాదం. ఖాళీ కుర్చీని ఎక్కించి చూపితే ఒప్పుకోవద్దు.

అసలు పరీక్ష లీవరుది, ఎందుకంటే దాన్ని పాత యజమాని చేతి పొడవుకు, భుజబలానికి కుదిర్చి బిగించి ఉంటారు. సాధారణంగా ముందుకు నెడితే బ్రేకు పడుతుంది, వెనక్కి లాగితే యాక్సిలరేటరు అందుకుంటుంది. స్టీరింగు కింద టార్చి వేసి, బ్రాకెట్టును బోల్టులతో బిగించారా, వెల్డింగుతో అతికించారా, పెడలుకు కలిపే కడ్డీ పిన్ను అరిగిందా అని చూడాలి. వెల్డింగు బండిని నేనైతే కొనను. లీవరు అంగుళం కదిలినా పెడలు కదలకపోతే ప్లే, అంటే వదులు, ఉన్నట్టే. నడిపి చూసేటప్పుడు ఫ్లైఓవర్ ఎత్తు మీద ఆపి మళ్లీ కదిలించండి. ఒక చేయి లీవరుకు, మరొకటి స్టీరింగుకు పోయాక గేరుకు చేయి మిగలదు కాబట్టి ఆటోమేటిక్ బండే మేలు.

కళింగపట్నం, భావనపాడు వైపు తిరిగిన బండికి ఉప్పుగాలి వల్ల ర్యాంపు మడతబందులు తుప్పు పడతాయి. నేను చూసిన ఒక వ్యాన్ రంగు తళతళలాడుతూనే ఉంది గాని, సీటుబెల్టును చివరికంటా లాగేసరికి లోపలి మడతలో బురద చార బయటపడింది. అది వరద నీట మునిగిన బండి.

కాగితాల్లో ముందుగా, ఈ మార్పులు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో నమోదయ్యాయో లేదో చూడాలి. నమోదు కాకపోతే బీమా క్లెయిము చిక్కుల్లో పడుతుంది, టోల్ మినహాయింపు ఫాస్టాగ్ కూడా రాదు. మడపాం, నాతవలస టోల్‌గేట్ల దగ్గర ప్రతిసారీ కట్టాల్సిందే. దివ్యాంగుల జీఎస్టీ రాయితీతో కొన్న కారైతే ఐదేళ్ల దాకా అమ్మబోమని యజమాని హామీ ఇచ్చి ఉంటారు కనుక, కొన్న తేదీ అడగాలి. ఇచ్ఛాపురం అవతలి నుంచి వచ్చిన ఒడిశా నంబరు బండికి ఫారం 28 ఎన్‌ఓసీ (అక్కడి ఆర్టీవో ఇచ్చే నిరభ్యంతర పత్రం) చేతికందే వరకు పూర్తి సొమ్ము చెల్లించవద్దు.