పడకగది వార్డ్‌రోబ్ మీరే ప్లాన్ చేసుకోండి – మూడో పాఠం: గోడ నుంచి తలుపు దాకా

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేసే ఉంటారు. బట్టలన్నీ మంచం మీద పోసి, హ్యాంగర్‌కి వేసేవి, మడతపెట్టేవి, ఏడాదికోసారి తీసేవి అని మూడు కుప్పలు చేసి, వాటి కొలతలు టేపుతో తీసి రాసుకోమన్నాను. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, ఈ పాఠం చివర్లో దాంతో పని పడుతుంది. ఇంకా చేయని వాళ్లు ముందు అది చేసి రండి. అది లేకుండా ఇది చదివితే వచ్చే లాభం సగమే.

మామూలుగా ఇళ్లలో ఏం జరుగుతుంది? షాపుకెళ్లి ముందు మైకా రంగు చూస్తాం. తర్వాత స్లైడింగ్ తలుపులా, మామూలు తలుపులా అని ఇంట్లో వాదించుకుంటాం. లోపలి అరల సంగతి కార్పెంటర్‌కి వదిలేస్తాం. వెనక గోడ ఎలా ఉందో ఎవరూ అడగరు. మనం ఈ వరుసను తిరగేస్తాం: ముందు గోడ, తర్వాత లోతు, ఆ తర్వాత తలుపు, చెక్క, అరలు. రంగు అన్నిటికన్నా ఆఖరున. విశాఖలో ఇలా చేయక తప్పదు. ఇక్కడి సముద్రపు గాలికి, చెమ్మకి వార్డ్‌రోబ్ పాడవడం వెనక నుంచి, కింద నుంచి మొదలవుతుంది. ముందువైపు మైకా నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల కింది అర ఉబ్బిపోయి ఉంటుంది.

ఏ గోడ?

మొదటి పాఠం నుంచి గీస్తున్న నమూనా గదినే తీసుకుందాం. మధురవాడలో ఒక అపార్ట్‌మెంట్, పడకగది ఉత్తర దక్షిణాలు 11 అడుగులు, తూర్పు పడమరలు 10 అడుగులు. ఇల్లు వాస్తు ప్రకారం కట్టారు కాబట్టి పెద్ద పడకగది ఇంటికి నైరుతిలో వచ్చింది. అందులో బీరువా మళ్లీ నైరుతి మూలలోనే ఉండాలని, ఉత్తరం వైపు తెరుచుకోవాలని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. అంటే దక్షిణపు గోడకు ఆనించి, పడమటి గోడ మూలలో.

వాస్తు మీద నమ్మకం ఉందా లేదా అన్నది మీ ఇష్టం, ఆ వాదనలోకి నేను దిగను. కానీ ఒక్క సంగతి గమనించండి. ఇంటికి నైరుతి మూల అంటే ఆ గోడలు రెండూ బయటి గోడలే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల వాన ఆ రెండు గోడలకే ఎక్కువ కొట్టే అవకాశం ఉంది. బయట ప్లాస్టరింగ్‌లో వెంట్రుకవాసి పగులు ఉన్నా చాలు, చెమ్మ లోపలికి దిగుతుంది. అందుకని బీరువా అక్కడ పెట్టొద్దని కాదు, పెట్టేముందు గోడను పరీక్షించమని.

పరీక్ష చాలా తేలిక. అడుగు వెడల్పు, అడుగు పొడవు ఉన్న పలుచని పాలిథిన్ కాగితం తీసుకుని గోడకు పరిచి, నాలుగు అంచులూ గాలి దూరకుండా టేపుతో అతికించండి. గచ్చుకి జానెడు ఎత్తున ఒకటి, ఛాతీ ఎత్తున ఒకటి పెట్టండి. రెండు రోజులు వదిలేయండి. తర్వాత కాగితం లోపలివైపు, అంటే గోడను తాకే వైపు నీటి బిందువులు కనబడితే చెమ్మ గోడలోంచి వస్తోంది. బయటివైపు మాత్రమే తడిగా ఉంటే అది గదిలోని ఉక్క. రెండోదానికి కంగారు లేదు. మొదటిదైతే బయట పగుళ్లు పూడ్పించి, వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేయించి, గోడ ఆరాకే కార్పెంటర్‌ని పిలవండి. ఈ పరీక్ష ఎండాకాలంలో చేసి బాగానే ఉందనుకోవద్దు. వానలు పడుతున్నప్పుడు చేస్తేనే గోడ నిజం చెబుతుంది.

గోడకి అవతల బాత్రూమ్ ఉంటే ఇంకా జాగ్రత్త. షవర్, కుళాయిలు ఆ గోడకే ఉన్నాయా చూడండి. ఉంటే, నా మాట వినండి, వార్డ్‌రోబ్‌కి వేరే గోడ చూసుకోండి. పైపు లీకైన రోజున మైకా అతికించిన ఆరడుగుల బీరువాను ఊడబెరికే పని మామూలుగా ఉండదు.

లోతు

హ్యాంగర్ వెడల్పు సుమారు 17 నుంచి 18 అంగుళాలు. చొక్కా భుజాలు, చేతులు కలుపుకుంటే అరకి లోపల 22 అంగుళాలు ఖాళీ కావాలి. వెనక చెక్క, ముందు తలుపు కలిపి బయటికి 24 అంగుళాలు, అంటే 2 అడుగులు. స్లైడింగ్ అయితే తలుపులు ఒకదాని ముందు ఒకటి నడవాలి కాబట్టి ఇంకో 3 అంగుళాలు కలుపుకోండి.

24 అంగుళాలకి ఇంకో కారణం కూడా ఉంది. ప్లైవుడ్ షీటు 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. నిలువునా రెండుగా కోస్తే ఒక్కో ముక్క 2 అడుగులకు రంపపు కోత మందం తక్కువగా వస్తుంది. అందుకే కార్పెంటర్ పక్క చెక్కలు ఇరవై మూడున్నర అంగుళాలకి కోసి, ముందు తలుపు కలుపుకుని లెక్క సరిపెడతాడు. మీరు ముచ్చటపడి 25 అంగుళాల పక్క చెక్కలు అడిగారనుకోండి, షీటుకి రెండు ముక్కలు రావు, ఒకటే వస్తుంది. మిగిలిన ముక్క అరలకో సొరుగులకో పనికొచ్చినా షీట్ల లెక్క పెరుగుతుంది. ఆ డబ్బు మీదే.

పెదవాల్తేరు, సీతమ్మధార వైపు పాత ఇళ్లలో ఉండేవాళ్లకి ఒక మాట. మీ గోడల్లోనే కడప బండలు పరిచిన అలమర ఉంటే దాన్ని పగలగొట్టించకండి. చాలామంది మోడ్రన్‌గా ఉండదని అదే ముందు పీకిస్తారు. చెమ్మకి ఉబ్బని, చెద తినని అర అంతకన్నా ఏముంటుంది? లోతు 22 అంగుళాలు లేకపోతే హ్యాంగర్లు పెట్టకండి, మడత బట్టలకీ దుప్పట్లకీ వాడుకోండి. కొత్త ఫ్రేమ్, కొత్త తలుపులు బిగిస్తే కొత్తదానిలాగే కనిపిస్తుంది, ఖర్చు ఎంతో తగ్గుతుంది.

గది కొలతలు తీసే పద్ధతి

మన మేస్త్రీలు కట్టే గోడలు కంటికి నిటారుగా కనిపించినా టేపుకి దొరికిపోతాయి. అందుకే వెడల్పు మూడు చోట్ల కొలవండి: గచ్చు దగ్గర, నడుం ఎత్తున, పైన. మూడింటిలో తక్కువ వచ్చినదే మీ కొలత. ఎత్తు కూడా రెండు చివర్లా కొలవండి. గోడ అడుగున అంటించే స్కర్టింగ్ టైల్ గోడ నుంచి ఎంత బయటికి వచ్చిందో రాసుకోండి, లేకపోతే బీరువా గోడకి ఆనదు. పైన బీమ్ కిందికి దిగితే దాని లోతు, స్విచ్ బోర్డు, ఏసీ పైపు, కిటికీ రెక్క తెరుచుకునే దూరం – ఇవన్నీ బొమ్మలో గీయాలి. గోడకీ బీరువాకీ మధ్య రెండు పక్కలా అంగుళం చొప్పున వదిలి, ఆ సందును పలుచని పట్టీతో మూయమనండి. గోడ వంకర ఆ పట్టీలో కలిసిపోతుంది, తలుపులు మాత్రం సూటిగా నిలబడతాయి.

తలుపులు: ముందు మంచం లెక్క చూడండి

ఇక ఇంట్లో వాదన తేల్చేద్దాం. నమూనా గదిలో బీరువా దక్షిణపు గోడకు ఉంది. ఉత్తరానికి తల పెట్టి మనవాళ్లు పడుకోరు, కాబట్టి మంచం తల తూర్పు గోడకు. 5 అడుగుల వెడల్పు మంచం అనుకోండి.

గది ఉత్తర దక్షిణాలు 132 అంగుళాలు. బీరువాకి 24 పోతే 108. మంచానికి 60 పోతే 48 మిగిలింది. మంచానికి అవతలి పక్కన మనిషి దిగడానికి 18 అంగుళాలు వదిలితే బీరువా ముందు 30 ఉంటాయి. తలుపు ఒక్కోటి 18 అంగుళాల వెడల్పు పెట్టుకుంటే హాయిగా తెరుచుకుంటుంది, మనిషి నిలబడడానికి చోటూ ఉంటుంది. కాబట్టి ఈ గదికి మామూలు తలుపులే మేలు. నాలుగు తలుపులు, 6 అడుగులు. మిగిలిన గోడ అద్దానికి, టేబుల్‌కి.

అదే 6 అడుగుల మంచం వేస్తే? మిగిలేది 36. బీరువా ముందు 30 ఉంచితే అవతల 6 అంగుళాలే. అక్కడ మనిషి దిగలేడు, దుప్పటి సర్దడమూ కష్టమే. అప్పుడు స్లైడింగ్ గురించి ఆలోచించవచ్చు. కానీ ఆ 3 అంగుళాల అదనపు లోతు మళ్లీ ఈ 36లోంచే పోతుంది. పైగా స్లైడింగ్‌లో ఎప్పుడూ సగమే తెరుచుకుంటుంది. కింది పట్టాలో దుమ్ము, సముద్రం దగ్గర ఇల్లయితే ఉప్పు చెమ్మ చేరి చక్రాలు బిగుస్తాయి. నన్నడిగితే చోటు బొత్తిగా లేకపోతేనే స్లైడింగ్.

ఏ తలుపైనా ఒక షరతు: మైకా రెండు వైపులా వేయాలి. బయటివైపు 1 మిల్లీమీటరు, లోపలివైపు 0.8 మిల్లీమీటర్ల లైనర్ చాలు. ఖర్చు తగ్గుతుందని లోపల రంగు పూసి వదిలేస్తే, 7 అడుగుల తలుపు ఒకవైపే చెమ్మ పీల్చుకుని విల్లులా వంగుతుంది. తర్వాత ఎన్ని బందులు బిగించినా మూల కలవదు.

ప్లై సంగతి

షాపులో ‘వాటర్‌ప్రూఫ్’ అన్న మాట విని సంతోషపడకండి. అడగాల్సింది ఐఎస్, అంటే భారతీయ ప్రమాణం నంబరు. ఐఎస్ 303 మామూలు వాడకం ప్లైవుడ్‌కి, అందులో ఎంఆర్ (కొద్దిపాటి చెమ్మను తట్టుకునేది), బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని తట్టుకునేది) అని రకాలు. ఎంఆర్ పొడి ఊళ్లకు సరిపోతుంది, మనకు వద్దు. ఐఎస్ 710 అంటే మెరైన్ ప్లైవుడ్. దాన్ని 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచినా పొరలు ఊడకూడదు, ఆ పరీక్ష పాసైతేనే ఆ నంబరు. షీటు మీద 710 అని అచ్చు వేసినంత మాత్రాన సరిపోదు. ఐఎస్ఐ ముద్ర, దాంతోపాటు సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ ఉంటే షాపులోనే నిలబడి ఆ నంబరు సరిచూసుకోవచ్చు. షాపతను మొహం చిట్లిస్తే చిట్లించనివ్వండి.

మొత్తం 710తో చేయించే స్తోమత అందరికీ ఉండదు. అక్కర్లేదు కూడా. అడుగు చెక్క, వెనక చెక్క, బయటి గోడకి ఆనే పక్క చెక్క 710లో పెట్టండి. మిగతా పెట్టె, అరలు, తలుపులు బీడబ్ల్యూఆర్. చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు మాత్రం అడుగున పెట్టనివ్వకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కిటికీ అద్దాలు పగిలి గదుల్లోకి వాన కొట్టిన ఇళ్లు ఈ ఊళ్లో ఎన్నో. అలా నీళ్లు నిలిచిన గదిలో ప్లై అయితే ఆరబెట్టుకుని వాడుకోవచ్చు, పార్టికల్ బోర్డు ఒకసారి ఉబ్బితే మళ్లీ మామూలవదు.

బీరువాను నేరుగా గచ్చు మీద కూర్చోబెట్టకండి. రోజూ తడిగుడ్డ పెడతాం, నీళ్లు అడుగుకి చేరతాయి. గ్రానైట్ పట్టీ మీదో, పీవీసీ కాళ్ల మీదో 3, 4 అంగుళాలు ఎత్తండి. వెనక అర అంగుళం సందు వదిలి 6 మిల్లీమీటర్ల ప్లై కొట్టించండి. ‘వెనక గోడ ఉంది కదండీ, చెక్కెందుకు, దండగ’ అని కార్పెంటర్ అంటాడు. మీరు సరే అంటే అతనికి రెండు షీట్లు మిగులుతాయి, మీ పట్టుచీరలకి గోడ సున్నం, చెమ్మ అంటుకుంటాయి.

బందులు ఎస్ఎస్ 304 (స్టెయిన్‌లెస్ స్టీల్) రకం అడగండి. నికెల్ పూతవి బీచ్ రోడ్డు, లాసన్స్ బే, రుషికొండ వైపు ఇళ్లలో తొందరగా తుప్పు పడతాయి. చాలామంది మంచి బందులు కొని మామూలు ఇనుప స్క్రూలు వేయిస్తారు. తుప్పు అక్కడే మొదలవుతుంది. స్క్రూలు కూడా స్టీలువే కొని మీరే చేతికివ్వండి. 7 అడుగుల తలుపుకి నాలుగు బందులు, మూడుతో సరిపెట్టనివ్వకండి.

అరలు

ఇప్పుడు ఆ కాగితం తీయండి. చొక్కాలు, కుర్తీలకి రాడ్డు కింద 40 అంగుళాలు చాలు. పొడవు డ్రెస్సులు, అనార్కలీలు ఉంటే 60. ఇలాంటివి పది లోపే ఉంటే వాటికోసం మొత్తం అర వదిలేయకండి, ఒక్క సన్నని తలుపు వెనక సరిపెట్టండి. మడత బట్టల అరల మధ్య 12 నుంచి 14 అంగుళాలు పెట్టండి. ఎక్కువ పెడితే దొంతర పెరిగి కింది చీర లాగినప్పుడల్లా మొత్తం కూలుతుంది. 18 మిల్లీమీటర్ల ప్లై అర 3 అడుగులు దాటితే బరువుకి నడుం వంచుతుంది, మధ్యలో నిలువు చెక్క అడగండి. జరీ పట్టుచీరలు హ్యాంగర్‌కి వేలాడదీయకండి, నూలుగుడ్డలో చుట్టి అరలోనే ఉంచండి.

పైన అటక ఎత్తు మీ పెద్ద సూట్‌కేసును బట్టి. పడుకోబెట్టి కొలిచి, దాని మందానికి ఇంకో 3 అంగుళాలు కలపండి.

ఈ వారం పని

పాలిథిన్ కాగితం పరీక్ష చేసి, రెండు రోజుల తర్వాత ఏ వైపు తడి ఉందో రాయండి. గది కొలతలు పైన చెప్పిన పద్ధతిలో తీసి, ఒక అడుగుకి ఒక సెంటీమీటరు చొప్పున కాగితం మీద గీయండి. మంచం కొలతకు అట్టముక్క కత్తిరించి ఆ బొమ్మ మీద జరిపి చూడండి, కనీసం రెండు రకాలుగా. తలుపు ఏ రకమో, ఒక్కోటి ఎన్ని అంగుళాలో అప్పుడే నిర్ణయించండి.

తర్వాతి పాఠం కొటేషన్ గురించి. కార్పెంటర్లు ముందువైపు వెడల్పును ఎత్తుతో గుణించి చదరపు అడుగు లెక్కన ధర చెబుతారు. ఆ లెక్కలో సొరుగులు ఎన్ని, వెనక చెక్క ఉందా లేదా, అటక కలిపారా అన్నవి ఎలా తప్పిపోతాయో, కాగితం మీద ముందే ఏమేం రాయించుకోవాలో చూద్దాం. ఎవరిదగ్గరైనా ఇప్పటికే కొటేషన్ తీసుకుని ఉంటే అడ్వాన్స్ మాత్రం అప్పటిదాకా ఇవ్వకండి.