గండికోట ఫొటో ట్రిప్‌కి బయలుదేరే ముందు

చలి మొదలవుతోంది కదా, గుంటూరు నుంచి వినుకొండ, దోర్నాల మీదుగా శ్రీశైలం, అక్కడి నుంచి గండికోట అని ప్లాన్ వేసుకునేవాళ్లు ఇవి చూసుకోండి.

పాత ఫొటోలున్న మెమరీ కార్డు ఇంట్లోనే కాపీ చేసుకుని ఖాళీ చేయండి. కిందటిసారి దారిలో టీ కొట్టు దగ్గర తొందరలో నేను ఫార్మాట్ చేసింది ముందురోజు తీసిన కార్డునే! ఇప్పుడు నిండిన కార్డు వెంటనే వేరే డబ్బాలోకి, రాత్రి రూముకి చేరగానే ల్యాప్‌టాప్‌లోకి.

నల్లమల ఘాట్‌లో రాత్రిపూట బళ్లను వదలరు. తెల్లవారుజాము వెలుగు కావాలంటే ముందురోజు సాయంత్రమే కొండెక్కాలి, చెక్‌పోస్టు దగ్గర బతిమాలితే పని కాదు.

డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి. నల్లమల పులుల అభయారణ్యం, పైగా పక్కనే శ్రీశైలం డ్యామ్.

ఏసీ కారులోంచి కెమెరా నేరుగా బయటికి తీస్తే లెన్స్‌కి ఆవిరి పడుతుంది. గమ్యం ఇంకో పావుగంట ఉందనగా ఏసీ ఆపి అద్దాలు దించండి. లోపలి గాజుకి పట్టిందంటే తుడిచినా పోదు, ఆరేలోపు సూర్యుడు పైకొచ్చేస్తాడు.

గండికోటలో పెన్నా లోయ అంచున చాలాచోట్ల రెయిలింగ్ లేదు. గాలికి ట్రైపాడ్ ఊగితే మధ్య కడ్డీ పైకి లేపకుండా బ్యాగు దానికే వేలాడదీయండి. ఫ్రేమ్ కోసం వెనక్కి నడవకండి, అంతే.

టార్చి, అదనపు బ్యాటరీ సంగతి మీకు తెలిసిందే.