ఉప్పుగాలి ఊళ్లలో పాత కారు భాగాల తుప్పు వదిలించడం

కొత్తపట్నం, మైపాడు లాంటి సముద్రతీరపు ఊళ్ల వైపు ఏళ్ల తరబడి ఆరుబయట నిలిచిపోయిన అంబాసిడర్‌నో మారుతి 800నో విప్పితే, తుప్పు గుంటల్లో ఉప్పు కూడా పేరుకుని ఉంటుంది. యాసిడ్‌తో తుప్పు కరిగినంత మాత్రాన ఆ ఉప్పంతా పోదు. అది అడుగున మిగిలితే ఎంత మంచి పెయింటు వేసినా కొన్నాళ్లకే బుడగలు లేస్తుంది. అందుకని ముందు నీళ్ల పని, తర్వాతే యాసిడ్ పని.

డీజిల్‌తో గ్రీజు కడిగి, వేడి సర్ఫ్ నీళ్లతో రుద్దండి. జిడ్డు ఉన్నచోట యాసిడ్ అంటదు, అక్కడ మచ్చలుగా తుప్పు మిగిలిపోతుంది. పెచ్చులు వైరు బ్రష్‌తో రాల్చి, ఒక రాత్రంతా మంచినీళ్లలో నానబెట్టి, మధ్యలో రెండుసార్లు నీళ్లు మార్చండి. నానుతున్నప్పుడు పైన ఎర్రగా కొత్త తుప్పు వచ్చినా కంగారు వద్దు, తర్వాతి యాసిడ్ తొట్టిలో అదీ పోతుంది.

ఇంటి దగ్గర చేసుకునేవాళ్లకు అన్నిటికన్నా నమ్మకమైనది నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్. ప్లాస్టిక్ తొట్టిలో 10 లీటర్ల వేడినీళ్లకు అర కిలో, తుప్పు మందంగా ఉంటే కిలో. నీళ్లు 50–60 డిగ్రీలుంటే పని త్వరగా అవుతుంది. పొదలకూరు నిమ్మకాయలు చవగ్గా దొరుకుతున్నాయని రసం పిండొద్దు. రసంలో ఈ ఆమ్లం ఉండేది సుమారు 5–6 శాతమే, కాబట్టి తొట్టి నిండా రసమే పోయాల్సి వస్తుంది.

భాగం పూర్తిగా మునగాలి. సగం బయట ఉంటే నీటి అంచు దగ్గర గీతలా కోసుకుపోతుంది. గొట్టాలను వంచి లోపలి గాలి బయటికి పోనివ్వండి. రెండు గంటలకోసారి తీసి, నల్లటి మడ్డిని బ్రష్‌తో తోమి మళ్లీ వేయండి. పైపై తుప్పుకు రెండు గంటలు, మొండి తుప్పుకు ఒక రాత్రి. రోజు దాటనివ్వొద్దు: తుప్పు అయిపోయాక ఆమ్లం మంచి ఇనుమును తింటుంది.

అల్యూమినియం భాగాలు, కార్బురేటర్, బేరింగులు ఇందులో వేయకూడదు. కమాను పట్టీలు, స్ప్రింగులు, తలమీద 10.9 లేదా 12.9 అని ఉన్న (గట్టి ఉక్కు) బోల్టులు అసలే వద్దు. యాసిడ్ చర్యలో పుట్టే హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి చొరబడి, బరువు పడ్డప్పుడు పగుళ్లు తెస్తుంది. వాటికి వైరు బ్రష్షే మేలు. తుప్పు తిన్న బ్రేకు, స్టీరింగు భాగాలను మాత్రం మార్చేయాల్సిందే.

బాత్‌రూమ్ యాసిడ్ నిమిషాల్లో తుప్పు తీస్తుందని చాలామంది దాన్నే వాడతారు. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. దాని ఆవిరికి షెడ్డులోని పానాలు కూడా తుప్పు పడతాయి. పైగా గుంటల్లో క్లోరైడ్ వదులుతుంది, ఉప్పులో తుప్పు పట్టించేదీ అదే. ఉప్పు వదిలించడానికి అంత కష్టపడి మళ్లీ దాన్నే నింపడం దేనికి?

చాలా పనులు చెడేది యాసిడ్ తొట్టిలోంచి తీశాక కడగడంలోనే. పది లీటర్లకు 100 గ్రాముల వంటసోడా కలిపిన నీళ్లలో ఐదు నిమిషాలు ముంచి తీయండి. తీరం దగ్గర బోరునీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి, ఆఖరి కడుగుకు వాడొద్దు. వాటర్ ప్లాంట్ క్యాన్ నీళ్లు మరగబెట్టి పోస్తే ఇనుము వేడెక్కి దానంతటదే ఆరుతుంది. మూలలు, మడతలు హీట్ గన్‌తో ఆరబెట్టండి. ఆలస్యమైతే నిమిషాల్లోనే పసుపు పొర పడుతుంది. ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం చేయండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది.

గుంటల అడుగున ఇంకా తుప్పు ఉంటే ఫాస్ఫారిక్ యాసిడ్ పూయాలి. 85 శాతం యాసిడ్ ఒక పాలుకు నీళ్లు ఐదు పాళ్లు. నీళ్లలోకే యాసిడ్ పోయాలి, యాసిడ్‌లోకి నీళ్లు కాదు. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. అరగంట తడిగా ఉంచితే తుప్పు నల్లబడి ఫాస్ఫేట్ పొరగా మారుతుంది. మళ్లీ క్యాన్ నీళ్లతోనే కడిగి ఆరబెట్టండి, ఇక్కడ సోడా అక్కర్లేదు. యాసిడ్ మిగిలిపోతే ఎపాక్సీ ప్రైమర్ (పెయింటు కింద వేసే తొలి పూత) సరిగా పట్టదు. ప్రైమర్ అదే రోజు పడాలి. పెయింటు వేయని భాగాలకైతే వెంటనే నూనె పట్టించండి.

వాడేసిన నీళ్లలో నురగ ఆగేదాకా సోడా వేసి, మడ్డి అడుగుకు దిగనివ్వండి. ఆ నీళ్లు పంటకాలువలోకో, రొయ్యల గుంటలకు నీళ్లు పట్టే వాగులోకో వదలొద్దు.