స్కాలర్‌షిప్ అప్లై చేసి వెయిట్ చేస్తున్నారా? ఎక్కడ ఆగిందో ఇలా చూస్కోండి

ఫైనల్ సబ్మిట్ కొట్టేసిన మర్నాటి నుంచే అందరూ అడిగేది ఒకటే, డబ్బులు ఎన్ని రోజులకు పడతాయి అని. ఇన్ని రోజులు అని ఖచ్చితంగా చెప్పేవాళ్లను నమ్మకండి. అప్లికేషన్ ఒకే చోట ఉండదు, ముందు కాలేజీ, ఆ తర్వాత జిల్లా లేదా రాష్ట్ర స్థాయి ఆఫీసరు, ఆ తర్వాత పేమెంట్, ఇలా చేతులు మారుతూ పోతుంది, ఒక్కో చోట ఒక్కో కారణంతో ఆగుద్ది. అందుకే ఎన్ని రోజులు అన్నది పక్కనబెట్టి ఇప్పుడు ఎవరి దగ్గరుంది అన్నది కనుక్కోండి, అది తెలిస్తే ఎవర్ని అడగాలో తెలుస్తుంది.

కేంద్రం స్కీములన్నీ దాదాపు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోనే ఉంటాయి, మనం ఎన్‌ఎస్‌పీ అంటాం కదా అదే. ఓటీఆర్ నంబర్‌తో, అంటే పోర్టల్‌లో ఒక్కసారి రిజిస్టర్ అయినప్పుడు ఇచ్చే నంబర్‌తో, లాగిన్ అయ్యి స్టేటస్ చూస్తే ఏ లెవెల్‌లో పెండింగ్ ఉందో చూపిస్తుంది. దాంతోపాటు పోర్టల్‌లో స్కీముల లిస్టు ఉంటుంది, అందులో ప్రతి స్కీముకీ ఎదురుగా స్టూడెంట్ లాస్ట్ డేట్, డిఫెక్ట్ సరిచేసుకునే డేట్, కాలేజీ వెరిఫికేషన్ డేట్, పై ఆఫీసు వెరిఫికేషన్ డేట్ విడివిడిగా ఇస్తారు. ఆ డేట్లు ఫొటో తీసి పెట్టుకోండి, మీ వెయిటింగ్‌కి అసలు క్యాలెండర్ అదే. ఈ డేట్లు పొడిగిస్తూ కూడా ఉంటారు కాబట్టి అప్పుడప్పుడూ మళ్లీ చూస్కోవాలి.

కాలేజీ లెవెల్‌లో ఆగితే పోర్టల్‌ని తిట్టుకుని లాభం లేదు. కాలేజీలో ఎన్‌ఎస్‌పీ లాగిన్ ఉండేది నోడల్ ఆఫీసర్‌కి, అంటే చాలా చోట్ల స్కాలర్‌షిప్ సెక్షన్ చూసే ఒకే ఒక్క సార్ లేదా మేడమ్, వాళ్లకు పరీక్షల డ్యూటీ పడిందంటే మీ అప్లికేషన్ అలాగే కూర్చుంటుంది. ఫోన్లు చేయడం కన్నా ప్రింటవుట్, ఇన్‌కమ్, క్యాస్ట్ సర్టిఫికెట్లు, మార్కుల మెమో, ఫీజు రసీదు ఒక సెట్‌గా పట్టుకుని నేరుగా వెళ్లి, సార్ నాది ఇంకా మీ దగ్గరే పెండింగ్ చూపిస్తోంది, వెరిఫై చేయరా అని మర్యాదగా అడగండి. కాలేజీ లాస్ట్ డేట్ దాటిపోతే ఆ ఏడాదికి అంతే సంగతులు, కాబట్టి ఇక్కడ మాత్రం మొహమాటపడొద్దు.

డిఫెక్ట్ అని వస్తే కంగారు పడకండి, అది రిజెక్ట్ కాదు. ఏదో తేడా ఉంది సరిచేసి మళ్లీ పంపమని వెనక్కి ఇచ్చారంతే, కానీ దానికీ గడువు ఉంటుంది, చూడకుండా వదిలేస్తే అక్కడే ఆగిపోతుంది. మనోళ్లకు ఎక్కువగా వచ్చే తంటా పేరుతోనే. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరం ఉంటుంది, బ్యాంక్ పాస్‌బుక్‌లో ఇంటిపేరు చివరికి వెళ్లిపోయి ఉంటుంది, మనిషి చూస్తే ఒకరే అని తెలుస్తుంది గానీ సిస్టమ్‌కి ముగ్గురు మనుషులు. ఆధార్‌ని టెన్త్ మెమో ప్రకారం మార్పించుకోవడం మంచిది, అదీ అప్లై చేయకముందే.

ఇక అన్నీ అప్రూవ్ అయ్యాయి, డబ్బులు మాత్రం రాలేదు అనే బ్యాచ్. మీరు చూడాల్సింది పీఎఫ్‌ఎంఎస్, అంటే కేంద్రం చెల్లింపులు నడిపే సైటు, అందులో ఎన్‌ఎస్‌పీ పేమెంట్స్ ట్రాక్ చేసే ఆప్షన్ ఉంటుంది, పేమెంట్ పంపారా, ఫెయిల్ అయ్యిందా తెలుస్తుంది. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆధార్ ఆధారంగా పంపే డబ్బు మీరు పాస్‌బుక్ జిరాక్స్ ఇచ్చిన అకౌంట్‌కే పడాలని లేదు, మీ ఆధార్ ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) దగ్గర ఏ బ్యాంకుతో మ్యాప్ అయ్యి ఉందో ఆ బ్యాంకు అకౌంట్‌కి పడుతుంది. ఎప్పుడో ఇంకో బ్యాంకులో అకౌంట్ తెరిచి అక్కడ డీబీటీకి, అంటే ప్రభుత్వం డబ్బు నేరుగా అకౌంట్‌లో పడడానికి, ఓకే చెప్పి ఉంటే డబ్బు అటు పోయి ఉండొచ్చు, మీరు ఇక్కడ బ్యాలెన్స్ చూస్తూ కూర్చుంటారు. మైఆధార్ సైటులో లాగిన్ అయితే బ్యాంక్ సీడింగ్ స్టేటస్ (ఆధార్ ఏ బ్యాంకుతో మ్యాప్ అయ్యిందో) అని ఉంటుంది, బ్యాంకు పేరు, యాక్టివ్ అవునా కాదా రెండూ చూపిస్తుంది. ఇన్‌యాక్టివ్ ఉంటే బ్యాంకుకెళ్లి ఆధార్ లింక్ చేయండి అని ఊరికే అడగొద్దు, కేవైసీకి లింక్ చేసి పంపించేస్తారు, డీబీటీ కోసం ఎన్‌పీసీఐ సీడింగ్ కావాలి అని అడిగి ఫారం ఇవ్వండి.

తెలంగాణ ప్రభుత్వ స్కాలర్‌షిప్ పోర్టల్ ఈపాస్‌లో అప్లై చేసినవాళ్ల దారి కొంచెం వేరు. మీసేవలో బయోమెట్రిక్ వేసి, కాపీలు కాలేజీకి ఇచ్చాక, వెరిఫికేషన్ అయ్యి జిల్లా సంక్షేమ శాఖ ఆఫీసులో శాంక్షన్ అవుతుంది. శాంక్షన్ అంటే డబ్బులు వచ్చినట్టు కాదు, ఆ తర్వాత బిల్లు ట్రెజరీకి వెళ్లాలి, ప్రభుత్వం నిధులు వదలాలి. ఈ చివరి ముక్క దగ్గర మీరు గానీ కాలేజీ గానీ చేయగలిగింది పెద్దగా ఏం లేదు, ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల గొడవ ఏటా పేపర్లో చూస్తూనే ఉన్నాం కదా. కానీ బయోమెట్రిక్ వేయకుండా, అప్లై చేశాను ఇంకా రాలేదు అనేవాళ్లు కూడా ఉంటారు, ముందు అది చూస్కోండి. రెన్యువల్ కూడా దానంతటదే అవుతుందని వదిలేయకండి.

నెలల తరబడి ఒకే లెవెల్‌లో ఉంటే పోర్టల్‌లోనే కంప్లైంట్ పెట్టండి, కేంద్రం స్కీమైతే సీపీగ్రామ్స్ అనే కేంద్రం ఫిర్యాదుల పోర్టల్‌లో కూడా పెట్టొచ్చు. దానికీ కదలిక లేకపోతే ఆర్టీఐ (సమాచార హక్కు దరఖాస్తు) వేయండి, మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. నా స్కాలర్‌షిప్ ఎందుకు ఇవ్వలేదు అని రాస్తే డొంకతిరుగుడు జవాబొస్తుంది, అప్లికేషన్ నంబర్ ఇచ్చి, ఇది ఏ తేదీన ఏ అధికారి దగ్గరికి వచ్చింది, ఇప్పుడు ఎవరి దగ్గరుంది, దాని మీద తీసుకున్న చర్యల కాపీ ఇవ్వండి అని రాయండి.

ఈ గ్యాప్‌లో మీ స్కాలర్‌షిప్ రిలీజ్ చేస్తాం ఓటీపీ చెప్పండి, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి అని ఫోన్లు వస్తాయి, వెంటనే కట్ చేసేయండి. కాలేజీ ఫీజు కట్టమంటే స్టేటస్ పేజీ ప్రింట్ జతచేసి గడువు కావాలని ప్రిన్సిపాల్‌కి లెటర్ రాసి, ఒక కాపీ మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకుని దగ్గర పెట్టుకోండి.