హెడ్ బోల్టు బిగించే ముందు హోల్ చూడండి

రేడియేటర్‌లో కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసుకుని తిరిగే బండ్లు మన దగ్గర తక్కువేం కావు. లోపల సుద్ద పేరుకుంటుంది, తుప్పు పడుతుంది. ఇక మే నెల ఎండలోనో, జాతరప్పుడు మేడారం తొవ్వలో గంటలకొద్దీ ఫస్ట్ గేర్‌లో పాకుతూనో ఇంజిన్ మరిగిందంటే హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజిన్ బ్లాకుకీ దాని మీద కూర్చునే హెడ్‌కీ మధ్య లీకు కాకుండా వేసే పలచటి షీటు, పోతుంది. కొత్త గ్యాస్కెట్ వేసినా నెల తిరగకముందే మళ్లీ లీకైతే చాలామంది గ్యాస్కెట్‌నే తిడతారు. ముందు అనుమానించాల్సింది బ్లాకులో హెడ్ బోల్టు దిగే హోల్‌ని.

టార్క్ రెంచ్ అంటే పెట్టిన అంకె రాగానే టిక్ మనే పానా. అది చూపేది బోల్టు తిరగడానికి పట్టిన బలం, అదే టార్క్. అందులో దాదాపు 90 శాతం బోల్టు తల కింద, థ్రెడ్‌లో రాపిడికే పోతుంది. హెడ్‌ను అదిమేది మిగతా పదో వంతే. థ్రెడ్‌లో కాస్త తుప్పున్నా రెంచ్ ముందే టిక్ మంటుంది, హెడ్ మాత్రం కూర్చోదు.

అందుకని పాత హెడ్ బోల్టు ఒకటి తీసుకుని, థ్రెడ్ మీద నిలువుగా మూడు గాట్లు హాక్‌సా బ్లేడుతో కోసి, అంచుల బర్రు ఫైలుతో తీసేయండి. దాన్ని ప్రతి హోల్‌లో చేత్తో తిప్పి తీస్తే మురికంతా గాట్లలోకి వస్తుంది. మామూలు ట్యాప్ వేయొద్దు, అది థ్రెడ్‌ని కోసి పలచన చేస్తుంది. తర్వాత కంప్రెసర్ గాలి కొట్టండి, కళ్లద్దాలు పెట్టుకుని. అడుగు మూసుకున్న హోల్‌లో చెంచాడు నూనె గానీ నీళ్లు గానీ మిగిలితే బోల్టు దిగేకొద్దీ అది ఎటూ పోలేక బ్లాకునే పగలగొడుతుంది. కొన్ని ఇంజిన్లలో హోల్ వాటర్ జాకెట్‌లోకి, అంటే బ్లాకులో కూలెంట్ తిరిగే దారిలోకి, తెరుచుకుంటుంది. అక్కడ మాన్యువల్ చెప్పిన థ్రెడ్ సీలెంట్ రాయాలి.

హెడ్ దించేటప్పుడే సగం నష్టం జరుగుతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, మూలల బోల్టుల నుంచి మధ్యకు, ఒక్కోటి అర చుట్టు చొప్పున వదులు చేయండి. వేడి మీద విప్పితే అల్యూమినియం హెడ్ వంగుతుంది. దించాక స్ట్రెయిట్ ఎడ్జ్‌ని (వంకర లేని ఉక్కు పట్టీ) హెడ్ అడుగున పొడవునా, అడ్డంగా, రెండు మూలలకూ ఐమూలగా ఆనించి కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకు) పెట్టండి. చాలా ఇంజిన్లకు హద్దు 0.05 మిల్లీమీటర్ల దగ్గరే ఉంటుంది. అంతకన్నా మందం రేకు దూరితే లేత్ షాపులో ఫేసింగ్ చేయించి చదును చేయాలి. గ్రైండర్‌కు ఎమెరీ డిస్క్ తగిలించి రుద్దితే గుంటలు పడతాయి, ఆ పొడి బేరింగులు తింటుంది.

గ్యాస్కెట్ మీద 'టాప్' అని ఉన్న వైపు పైకే రావాలి. బోల్టు థ్రెడ్‌కీ, తల కిందా ఇంజిన్ ఆయిల్ పలచగా, కారకుండా రాయండి. చేత్తో చివరిదాకా దిగని బోల్టును పానాతో దించకండి.

బిగించే వరుస మధ్య నుంచి బయటికి. పది బోల్టుల హెడ్‌కి నడిమి జంటతో మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ మూలల్లో ముగించాలి. చివరి టార్క్ 60 న్యూటన్ మీటర్లనుకుంటే 20, 40, 60 అని మూడు దఫాలు, ప్రతి దఫాలో అన్ని బోల్టులూ. రెంచ్‌ని మెల్లగా ఒకే లాగుడులో గుంజండి, టిక్ అనగానే ఆపండి. రెండోసారి టిక్ వినిపించాలని లాగితే టార్క్ పెరిగిపోతుంది. అంకెతో పాటు యూనిట్ కూడా చదవాలి: 1 కేజీ-మీటర్ అంటే 9.8 న్యూటన్ మీటర్లు. 'నా చేతికే తెలుస్తది' అనే మేస్త్రీ మాట ఆయిల్ సంప్ బోల్టుకు సరిపోతుందేమో, దీనికి సరిపోదు.

కొత్త ఇంజిన్లలో ఎక్కువగా సాగే బోల్టులే వస్తాయి. వాటికి మాన్యువల్‌లో 40 న్యూటన్ మీటర్లు, ఆపైన 90 డిగ్రీలు, మళ్లీ 90 అన్నట్టు ఉంటుంది. మొదటి టార్క్ అయ్యాక ప్రతి బోల్టు తలపై ఒకే దిక్కున తెల్ల పెయింటు చుక్క పెట్టండి. చుక్క పన్నెండు గంటల దగ్గర్నుంచి మూడుకు వస్తే 90 డిగ్రీలు. అన్నీ మూడుకు వచ్చాకే రెండో దఫా. తిరుగుతూ తిరుగుతూ ఒక బోల్టు హఠాత్తుగా మెత్తబడితే అది తెగబోతోంది, లేదా బ్లాకు థ్రెడ్ ఊడొస్తోంది. ఆపి బయటికి తీయండి. ఒకసారి సాగిన బోల్టును మళ్లీ వాడటం పిసినారితనం. సెట్టు కొత్తదే కొనండి.

ఈ సాగే బోల్టులకు ఇంజిన్ వేడెక్కాక మళ్లీ బిగించే పని లేదు. పాతకాలపు గ్యాస్కెట్లలో కొన్నిటికి ఉంటుంది, అదీ మాన్యువల్ చెబితేనే.

చివరగా కూలెంట్ నింపి, ఇంజిన్ చల్లగా ఉండగానే రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయండి. మొదట కొన్ని బుడగలు వచ్చి ఆగితే అది లోపల చిక్కిన గాలి. రేస్ ఇచ్చినప్పుడల్లా ఎడతెగకుండా పొంగుతుంటే ఇంజిన్ వేడెక్కకముందే ఆపి, హెడ్ మళ్లీ దించాల్సిందే.