పష్మీనా శాలువా కొనేటప్పుడు అసలుదా కాదా ఎలా తేల్చుకోవాలి?

చలికాలం వచ్చిందంటే అనంతపురం ఎగ్జిబిషన్లలో కశ్మీరు శాలువాల దుకాణాలు కనిపిస్తాయి. చేతికి మెత్తగా తగిలిన ప్రతిదానికీ పష్మీనా అనే పేరు పెడతారు. సన్మాన సభల్లో కప్పే విస్కోస్ (చెట్ల గుజ్జుతో చేసే కృత్రిమ పోగు) శాలువా కూడా మెత్తగానే ఉంటుంది. అందుకే మెత్తదనాన్ని చూసి డబ్బు ఇవ్వకండి.

ముందు సరుకు ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోండి. గొర్రె ఉన్ని కత్తిరించి కురుబలు గొంగళ్లు నేసే జిల్లా మనది, కాబట్టి తేడా సులువుగానే అర్థమవుతుంది. పష్మీనా గొర్రెది కాదు, మేకది. లదాఖ్‌లోని చాంగ్‌థాంగ్ పీఠభూమిలో, 4,000 మీటర్లకు పైన, చాంగ్పా సంచార జాతులవారు ఈ మేకలను పెంచుతారు. అక్కడి చలికి మేక పైబొచ్చు కింద సన్నని నూగు పుడుతుంది. మన ఎండల్లో తిరిగే మేకకు అలాంటి నూగుతో పని లేదు. చలి తగ్గాక అది రాలడం మొదలవుతుంది, అప్పుడు దువ్వెనతో దువ్వి తీస్తారు. పోగు మందం 12 నుంచి 16 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మన తల వెంట్రుక సుమారు 70 ఉంటుంది.

ధర ఎందుకంత అనేదానికి జవాబు ఇక్కడే ఉంది. ముతక వెంట్రుకలన్నీ ఏరేశాక ఒక మేక నుంచి ఏడాదికి మిగిలేది సుమారు 100 గ్రాములు. ఒక్క శాలువాకు రెండు మూడు మేకల నూగు కావాలి. దాన్ని కశ్మీరులో ఆడవాళ్లు చరఖా మీద వడుకుతారు, తర్వాత మగ్గం మీద నేస్తారు. ఇంత చాకిరీ ఉన్న శాలువా ఐదారు వందలకు రావడం అసాధ్యం. ఆ ధర చెబితే బేరం కూడా అవసరం లేదు.

ఇక శాలువాను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. చేత్తో వడికిన నూలు ఒక్కలా ఉండదు. ఒకచోట సన్నగా, ఒకచోట కాస్త లావుగా ఉంటుంది, నేతలోనూ చిన్న హెచ్చుతగ్గులు కనిపిస్తాయి. పోగులన్నీ గీత గీసినట్టు సమానంగా ఉంటే అది మిల్లు నూలు. అద్దంలా మెరుస్తుంటే విస్కోస్ అని అనుమానించండి. అసలు పష్మీనాకు మెరుపు తక్కువ.

అమ్మేవారు ఒప్పుకుంటే కుచ్చుల్లోంచి ఒక పోగు తీసి, పళ్లెం మీద కాల్చండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడి అవ్వాలి. కాగితం కాలిన వాసన వస్తే విస్కోస్. కరిగి గట్టి ముద్ద కడితే అక్రిలిక్ లేదా పాలిస్టర్. కానీ మామూలు ఊలు కూడా వెంట్రుక వాసనే ఇస్తుంది, కాబట్టి ఈ పరీక్షతో నకిలీ దొరుకుతుంది తప్ప అసలు రుజువు కాదు. ఉంగరంలోంచి లాగి చూపడాన్ని అసలే నమ్మకండి. పల్చటి బట్ట ఏదైనా దూరుతుంది.

ఎక్కువ డబ్బు పెట్టేటప్పుడు జీఐ (భౌగోళిక గుర్తింపు) లేబుల్ అడగండి. కశ్మీర్ పష్మీనాకు 2008లో ఆ గుర్తింపు వచ్చింది. పోగు 16 మైక్రాన్లు దాటకుండా, చేత్తో వడికి చేత్తో నేసిన శాలువాకే శ్రీనగర్‌లోని కేంద్రంలో పరీక్షించి ఆ లేబుల్ ఇస్తారు.

ఎవరైనా షహతూష్ శాలువా అని చూపిస్తే ముట్టుకోవద్దు. దానికోసం చీరూ అనే టిబెట్ జింకను చంపుతారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాని వ్యాపారం నేరం.

కొన్నాక మన ఊళ్లో చలి కన్నా ఎండాకాలమే దీనికి గండం, ఎందుకంటే ఏడాదిలో ఎక్కువ నెలలు బీరువాలోనే ఉంటుంది. మురికితో దాస్తే పురుగు పడుతుంది. చల్లని నీళ్లలో కొద్దిగా షాంపూ కలిపి ముంచి తీయండి. పిండకుండా తువ్వాలులో చుట్టి నీరు పీల్పించి, నీడలో పరచి ఆరబెట్టండి. తర్వాత నూలు గుడ్డలో చుట్టి పెట్టి, నెలకోసారి తీసి గాలికి విప్పండి.